సాగే కండక్టివ్ గుడ్డ కొంటున్నారా? శాంపిల్ చూసి రోల్‌కి డబ్బు కట్టేయకండి

"వెండి పూత, నాలుగు వైపులా సాగుతుంది, ఉతుక్కోవచ్చు" అని అమ్మే కండక్టివ్ గుడ్డ (తనలోంచి కరెంటు వెళ్ళనిచ్చే గుడ్డ) కొనబోతున్నవాళ్ళు ఆర్డర్ పెట్టే ముందు ఇది ఒకసారి చదవండి. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. ఇలాంటి గుడ్డ అమ్మేది వాళ్ళొక్కరే కాదు కాబట్టి, పనికిరాని గుడ్డను ఎలా కనిపెట్టాలో చెప్తేనే మీకు ఎక్కువ ఉపయోగం.

నేను చేస్తున్నది మోకాలికి తొడిగే పట్టీ. మోకాలు ఎంత వంగిందో చెప్పే ఒక సెన్సర్, దానికీ, దాన్ని చదివే సర్క్యూట్ బోర్డుకీ మధ్య నాలుగు లైన్లు. మామూలు వైర్లు వంగే చోటే తెగిపోతుంటే విసుగొచ్చి, ఆ లైన్లకి సాగే గుడ్డ వాడదామనుకున్నాను. ముందు పోస్టుకార్డంత శాంపిల్ తెప్పించాను. సెంటీమీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవున్న ముక్క కోసి కొలిస్తే రెసిస్టెన్స్, అంటే కరెంటుకి గుడ్డ పెట్టే అడ్డు, 6 ఓమ్‌లు. సాగదీస్తే తొమ్మిది దాకా వెళ్ళి, వదిలితే మళ్ళీ ఆరు. ఇంకేం కావాలి? రోల్ ఆర్డర్ పెట్టేశాను.

రోల్ వచ్చింది. అదే బూడిద రంగు, పట్టుకుంటే అదే మెత్తదనం. అంతే పొడవు ముక్కకి 7 ఓమ్‌లు చూపించింది. సరేలే అని కోసి, పట్టీకి కుట్టి తొడుక్కున్నాను. మోకాలు వంచినప్పుడల్లా సెన్సర్ ఆగిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలవుతోంది. తప్పు నా కోడ్‌లోనే ఉందనుకుని రెండు రాత్రులు దాంతోనే కుస్తీ పట్టాను. చివరికి మల్టీమీటర్ పెట్టి చూస్తే, 10 సెంటీమీటర్ల ముక్కని 13 దాకా లాగగానే 60 ఓమ్‌లు దాటింది. వదిలేస్తే ఏడుకి రాలేదు, పదకొండు దగ్గర ఆగింది. ఓ యాభై సార్లు సాగదీసి వదిలాక, లాగి పట్టుకుంటే 400. చల్లటి నీళ్ళలో ఒక్కసారి చేత్తో పిండి ఆరేస్తే, నాలుగు లైన్లలో రెండింటికి మీటర్ అసలు అంకే చూపించలేదు, అంటే లైన్ తెగిపోయినట్టే. వేళ్ళకి మాత్రం బూడిద రంగు పొడి అంటుకుంది.

60 ఓమ్‌లంటే పెద్ద సంఖ్యా అనిపించొచ్చు. నా సెన్సర్ 20 మిల్లీయాంపులు తీసుకుంటుంది. కరెంటు వెళ్ళే లైన్లో 1.2 వోల్టులు, తిరిగొచ్చే లైన్లో ఇంకో 1.2 పోతే, బోర్డు ఇచ్చే 3.3 వోల్టుల్లో సెన్సర్‌కి మిగిలేది 0.9. ఆగిపోక ఏం చేస్తుంది!

సాగితే రెసిస్టెన్స్ కొంత పెరగడం తప్పు కాదు. అంతటా ఒకేలా కండక్ట్ చేసే రబ్బరులాంటి పదార్థాన్ని 30 శాతం సాగదీస్తే పొడవు పెరుగుతుంది, మందం తగ్గుతుంది. లెక్క ప్రకారం రెసిస్టెన్స్ 1.3 ఇంటూ 1.3, అంటే సుమారు 1.7 రెట్లు అవుతుంది. ఏడు పన్నెండయితే అర్థముంది. అరవై అయిందంటే లోపల ఏదో పగులుతోందన్నమాట.

పగిలేది పూతే. పల్చటి లోహపు పొర తనంతట తాను ఎక్కువ సాగలేదు, కొద్ది శాతానికే పగుళ్ళు వస్తాయి. అందుకే మంచి సాగే గుడ్డలో సాగేది లోహం కాదు, అల్లిక. ముందు పోగుకి వెండి పూత వేసి తర్వాత అల్లితే, లాగినప్పుడు అల్లికలోని ఉంగరాలు తిన్నబడతాయి. పోగు పొడవు పెద్దగా మారదు, పూత బతికిపోతుంది. నాకొచ్చిన రోల్ అలాంటిది కాదు. మామూలు సాగే గుడ్డ అల్లేసి, పైన వెండి కలిపిన రంగులాంటిది పూశారు. ఆ పూత ఒక ఉంగరం నుంచి పక్కదానికి వంతెనలా అతుక్కుని ఉంటుంది. కదపకుండా కొలిస్తే కరెంటు ఆ వంతెనల మీదుగా హాయిగా పోతుంది, మీటర్ మంచి అంకె చూపిస్తుంది. ఒక్కసారి లాగితే వంతెనలు తెగుతాయి.

ఇది కళ్ళతోనే కనిపెట్టొచ్చు. గుడ్డ అంచు నుంచి ఒక పోగు మెల్లగా ఊడదీసి భూతద్దం కింద పెట్టండి. శాంపిల్ పోగు చుట్టూరా ఒకేలా మెరిసింది. రోల్ పోగు చారల పిల్లి తోకలా ఉంది, కాస్త బూడిద, కాస్త తెలుపు. పక్క పోగు కింద దాక్కున్న చోటల్లా పూత చేరలేదు. శాంపిల్ ఒక గుడ్డ, రోల్ ఇంకో గుడ్డ అని అప్పుడు ఖాయమైంది. తెల్ల నూలు గుడ్డతో గట్టిగా రుద్దినా తెలిసిపోతుంది. వెండి గాల్లోని గంధకానికి నల్లబడటం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. పొడి రాలితే మాత్రం ఆ గుడ్డ వద్దు.

అమ్మినవాళ్ళని అడిగితే ఒక వీడియో పంపారు. గుడ్డ సాగదీస్తూ ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించడం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, ఋజువు మాత్రం కాదు. 3 వోల్టుల బటన్ సెల్‌లో ఎర్ర ఎల్‌ఈడీకి దాదాపు 2 పోతే, మిగిలిన వోల్టుతో 400 ఓమ్‌ల గుండా కూడా రెండున్నర మిల్లీయాంపులు వెళ్తాయి. నా పాడైన ముక్కతోనూ ఎల్‌ఈడీ చక్కగా వెలిగింది!

తర్వాత "చదరానికి 0.7 ఓమ్ అన్నాం, మీరు కొలిచిందీ అదేగా" అన్నారు. నిజమే, అది అబద్ధం కాదు. చదరానికి ఇన్ని ఓమ్‌లు అంటే, ఆ గుడ్డలో ఏ సైజు చదరపు ముక్కకైనా ఎదురెదురు అంచుల మధ్య ఉండే రెసిస్టెన్స్. నా ముక్కలో పది చదరాలు, 7 ఓమ్‌లు, లెక్క సరిపోయింది. కానీ అది కదపకుండా కొలిచిన అంకె. సాగదీసినప్పుడు ఎంత, ఎన్నిసార్లు సాగాక ఎంత, ఉతికాక ఎంత అన్నది ఎక్కడా రాయలేదు, నేనూ అడగలేదు. చివరి మాట: కోసిన గుడ్డ వెనక్కి తీసుకోం.

కాబట్టి రోల్ రాగానే కత్తెర పెట్టి ముక్కలు చేయకండి. శాంపిల్ ముక్క ఒకటి దాచి ఉంచుకుని, రోల్ అంచుని అలాగే సాగదీసి పక్కపక్కన కొలవండి, రెండు దిక్కుల్లోనూ. అల్లిక గుడ్డలు పొడవులో ఒకలా, అడ్డంలో ఒకలా ప్రవర్తిస్తాయి. మీటర్ మొనలు గుడ్డలో గుచ్చకండి, రెండు చివరలా రాగి రేకు మడిచి క్లిప్ పెట్టండి (రాగి టేపు జిగురు వైపు అన్నిసార్లూ కండక్ట్ చేయదు, నేను దాంతోనూ ఓ పూట పోగొట్టుకున్నాను). కొలిచిన అంకెలోంచి మీటర్ వైర్ల రెసిస్టెన్స్ కూడా తీసేయండి, ఇంత చిన్న అంకెల్లో దాని వాటా తక్కువేం కాదు.

"సోల్డరింగ్ కూడా చేసుకోవచ్చు" (అంటే కరిగించిన లోహంతో వైర్లు అతికించుకోవచ్చు) అని రాసి ఉంటే నమ్మకండి. గుడ్డ నైలాన్ 6 అయితే 220 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, సోల్డరింగ్ ఐరన్ మొన 300 పైనే ఉంటుంది. వైర్లు కలపడానికి ప్రెస్ బటన్లు మేలు. షీల్డింగ్ కోసం (రేడియో తరంగాల్ని అడ్డుకోవడానికి) అమ్మే రాగి, నికెల్ నేత గుడ్డకి ఓమ్‌లు ఇంకా తక్కువే కానీ అది సాగదు, పైగా నికెల్ కొందరి ఒంటికి పడదు.

శాంపిల్ రకం గుడ్డ ఇంకోచోట దొరికింది, ఈసారి రెండు అడుగులే తీసుకుని పరీక్షిస్తున్నాను. పాత రోల్‌ని సాగాల్సిన అవసరం లేని టచ్ బటన్లకి వాడుతున్నాను. అక్కడ వెళ్ళే కరెంటు చాలా తక్కువ, పది ఓమ్‌లైనా వందైనా ఒకటే.