మూలన పడున్న సెకండ్ హ్యాండ్ బండికి నాలుగు సీజన్ల సర్వీసు: నా అనుభవం

బండి అంటే బైక్, నేను కొనేటప్పటికే తొమ్మిదేళ్ళది. 150 సీసీ, కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి ఇచ్చేది), ఎయిర్ కూల్డ్ సింగిల్ సిలిండర్, ముందు డిస్క్ బ్రేకు, వెనక డ్రమ్ బ్రేకు. అప్పుడు మీటర్లో 31 వేలు ఉంది, ఇప్పుడు 52 వేలు దాటింది. ఆ మొదటి 31 వేలు నిజమో కాదో అమ్మినాయనకే తెలియాలి, ఫుట్‌రెస్ట్ రబ్బర్లు అరిగిన తీరు చూస్తే ఇంకో 20 వేలు కలుపుకోవచ్చనిపిస్తుంది. ప్రతి ఏడాదీ నాలుగైదు నెలలు కవర్ కప్పుకుని మూలన ఉంటుంది, సీజన్ మొదలవగానే బయటికి తీసి వారానికి ఓ 150, 200 కిలోమీటర్లు తిప్పుతా. అలా నాలుగుసార్లు దీన్ని నిద్రలేపా, నాలుగుసార్లూ ఏదో ఒక దెబ్బ తిన్నా, అవన్నీ ఒకచోట రాద్దామని ఇది.

ముందే చెప్పేస్తా, ఈ నాలుగేళ్ళలో బండి తిరిగి పాడైందానికంటే కదలకుండా ఉండి పాడైందే ఎక్కువ. అందరూ ఎన్ని కిలోమీటర్లకి సర్వీస్ చేయించాలి అనే అడుగుతారు, ఎన్ని నెలలకి అని ఎవరూ అడగరు. సర్వీస్ పుస్తకంలో ఐతే రెండూ రాసుంటాయి, ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందొస్తే అది అని. ఆ రెండో ముక్క మనం చదవం.

మొదటి ఏడాది నాకేమీ తెలీదు. బండిని షెడ్డుకి తీసుకెళ్ళి "అన్నా, సీజన్ మొదలైంది, ఒకసారి సర్వీస్ చెయ్యి" అన్నా. అదే నేను చేసిన పెద్ద తప్పు. సర్వీస్ అంటే నా మనసులో ఉన్నది ఒకటి, ఆయన మనసులో ఉన్నది ఇంకొకటి. సాయంత్రానికి బండి తళతళా మెరుస్తూ వచ్చింది, ఇంజిన్ ఆయిల్ మార్చారు, ప్రెషర్ వాష్ కొట్టారు, టైర్లకి కూడా పాలిష్ రాశారు. టైర్ పక్క గోడకి రాసిన పాలిష్ తొక్కు (రోడ్డుకి ఆనే భాగం) మీదకి పారితే మలుపులో జారుతుంది కదా అన్న ఆలోచన అప్పుడు నాకూ లేదు. రెండో రోజు ఒక దిగుడు రోడ్డులో ముందు బ్రేక్ పట్టుకుంటే లివర్ మెత్తగా హ్యాండిల్ గ్రిప్ దాకా వచ్చేసింది. వెనక డ్రమ్మూ, ఇంజిన్ బ్రేకింగూ కలిసి ఎలాగో ఆపాయి గానీ కాళ్ళు పది నిమిషాలు వణికాయి.

ఇంటికొచ్చి బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా మూత తీసి చూస్తే లోపల చిక్కటి డికాషన్. కొత్త ఫ్లూయిడ్ దాదాపు నీళ్ళలాగా, కొంచెం పసుపుగా ఉంటుంది. ఇది గాలిలో తేమని పీల్చుకుంటుంది, బండి తిరిగినా తిరగకపోయినా పీలుస్తూనే ఉంటుంది. డాట్ 4 (ఇది ఫ్లూయిడ్ గ్రేడ్ పేరు) కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని స్టాండర్డ్, తేమ పట్టాక ఆ లెక్క 155కి పడిపోతుంది. దిగుడులో అదేపనిగా బ్రేక్ పట్టుకుంటే కాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ని నొక్కి పట్టే భాగం) వేడెక్కి, ఫ్లూయిడ్‌లో ఉన్న నీరు ఆవిరై బుడగలు కడుతుంది, బుడగ నొక్కుకుపోతుంది కాబట్టి లివర్ మెత్తబడుతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు. నా బండికి ఆ తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా మార్చారని నేను నమ్మను.

ఆ ఆదివారం నేనే కూర్చుని మార్చా. కాలిపర్ నిపుల్‌కి (ఫ్లూయిడ్ బయటికి వదిలే చిన్న మొన) సన్నటి పారదర్శకమైన ట్యూబ్ తగిలించి, రెండో కొస కాస్త ఫ్లూయిడ్ పోసిన సీసాలో ముంచి, లివర్ నొక్కి పట్టుకుని నిపుల్ పావు తిప్పు వదులు చేసి, మళ్ళీ బిగించి, అప్పుడు లివర్ వదలాలి. ఈ వరస తప్పితే గాలి వెనక్కి లాగేస్తుంది. మొదట నల్లటిది వచ్చింది, తర్వాత బుడగలు బుడగలుగా గోధుమ రంగుది, ఓ ఇరవై ముప్పై సార్లు నొక్కాక ట్యూబ్‌లో తేటగా పారడం కనపడింది. పైన డబ్బాలో ఫ్లూయిడ్ అడుగంటకుండా పోస్తూ ఉండాలి, అది మర్చిపోతే మొత్తం మొదటికొస్తుంది, నాకు ఒకసారి వచ్చింది కూడా. ఇంకో సంగతి, ఆ ఫ్లూయిడ్ పెయింట్‌ని తినేస్తుంది. నా ట్యాంక్ మీద గోరంత మచ్చ ఇప్పటికీ ఉంది, చుక్క పడితే తర్వాత తుడుద్దాంలే అనుకున్నా. డాట్ 5 అని సిలికాన్‌ది ఒకటుంటుంది, నంబర్ పెద్దది కదా అని తెచ్చి డాట్ 4 బండిలో పొయ్యకండి, రెండిటికీ పడదు. 5.1 వేరు, అది డాట్ 4 జాతిదే.

రెండో సీజన్ కార్బురేటర్‌ది. బండి చోక్ లాగితే స్టార్ట్ అవుతుంది, చోక్ తీసేస్తే ఆగిపోతుంది, యాక్సిలరేటర్ ఇచ్చి పట్టుకుంటే నడుస్తుంది, సిగ్నల్ దగ్గర వదిలితే చచ్చిపోతుంది. ఇవి కనపడితే ఎక్కువసార్లు దొంగ ఒక్కడే, పైలట్ జెట్, అంటే కార్బురేటర్‌లో ఐడిల్‌కి పెట్రోల్ ఇచ్చే సన్న రంధ్రం ముక్క. మూలన పడేసేటప్పుడు ఫ్లోట్ చాంబర్‌లో (కార్బురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) మిగిలిన పెట్రోల్ మెల్లగా ఆవిరైపోయి జిగురు లాంటి పొర వదిలేస్తుంది, పైలట్ జెట్ రంధ్రం చూస్తే సూదిమొన కూడా పట్టదు, ఆ పొర ఇసుమంత చాలు మూసుకుపోడానికి. విప్పి దీపానికి ఎదురుగా పెట్టి చూశా, చీకటి. కార్బ్ క్లీనర్ కొట్టి కాసేపు నానబెట్టి, గాలి కొట్టి మళ్ళీ చూస్తే చుక్కంత వెలుగు. ఆ చుక్క చూసినప్పుడు కలిగిన సంతోషం కొత్త బండి కొన్నప్పుడు కూడా కలగలేదు. తీగ పెట్టి మాత్రం గుచ్చకండి, జెట్ ఇత్తడిది, రంధ్రం పెద్దదైతే మిక్చర్ మొత్తం తప్పుతుంది.

అప్పట్నించి నా పద్ధతి ఏంటంటే, ఆపే రోజు ట్యాంక్ నిండా పెట్రోల్ పోయిస్తా (ఖాళీ ట్యాంక్‌లో లోపలి గోడలకి తేమ పట్టి తుప్పొస్తుంది), స్టెబిలైజర్ (పెట్రోల్ పాడవకుండా ఉంచే మందు) కలిపి కాస్త దూరం నడుపుతా, తర్వాత పెట్రోల్ కాక్ మూసి ఫ్లోట్ చాంబర్ కింద స్క్రూ వదులు చేసి ఉన్నదంతా దించేస్తా. ఐదు నిమిషాల పని. ఇథనాల్ కలిసిన పెట్రోల్ ఐతే నీళ్ళు ఇంకా తొందరగా పడుతుంది. ఈ పని మొదలెట్టాక రెండు సీజన్లు మూడో కిక్కుకే లేచింది.

సెల్ఫ్ కాకుండా కిక్కు అన్నానేంటంటే బ్యాటరీ కథ అది. మొదటి బ్యాటరీ మొదటి నిద్రలోనే పోయింది. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే, బండి ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటర్ పెడితే 12.6 నుంచి 12.8 దాకా చూపించాలి. 12.4 కిందకి దిగితే చార్జింగ్ పెట్టాలి, అలాగే వదిలేస్తే లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఇక ఎంత చార్జ్ పెట్టినా నిలవదు. ఇప్పుడైతే బ్యాటరీ విప్పి లోపల పెట్టుకుంటా, నెలకోసారి చిన్న చార్జర్ తగిలిస్తా. సీజన్ మొదట్లో బండి స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేసి మళ్ళీ మీటర్ పెడతా, 13.5కీ 14.5కీ మధ్య ఉంటే చార్జింగ్ బానే ఉన్నట్టు. బ్యాటరీ మార్చినా వారానికే దిగిపోతుందని ఏడ్చేవాళ్ళలో సగం మంది ఈ రెండో కొలత చూసుండరు.

ఇక టైర్లు. అమ్మినాయన "టైర్లు కొత్తవే తమ్ముడూ" అని చెప్పి అమ్మాడు, తొక్కు చూస్తే నిజంగానే బోలెడంత ఉంది. పక్క గోడ మీద డాట్ (DOT, బ్రేక్ ఫ్లూయిడ్ గ్రేడ్ కాదు) అని అక్షరాలు ఉంటాయి, ఆ వరస చివర నాలుగంకెలు, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది, అంటే 2314 అని ఉంటే 2014లో 23వ వారం. 2000 నుంచి వచ్చిన టైర్లన్నిటికీ ఇలాగే ఉంటుంది. నా వెనక టైర్‌కి లెక్కేస్తే బండి కొనేనాటికే ఏడేళ్ళు. తడి రోడ్డు మీద కాస్త గట్టిగా బ్రేక్ వేస్తే వెనక చక్రం పక్కకి జారేది, నేనేమో నా డ్రైవింగే బాలేదని తిట్టుకునేవాడిని. గోరుతో నొక్కితే చెక్కని నొక్కినట్టుండేది, గాడుల అడుగున సన్నటి పగుళ్ళు. మార్చిన రోజు వేరే బండి నడిపినట్టే ఉంది.

ఆయిల్ గురించి షెడ్డులో వాదన ఎప్పుడూ ఉంటుంది. మెకానిక్ సీజన్ మొదట్లో మార్చమంటాడు, నేను ఆపే ముందే మార్చేస్తా, ఎందుకంటే వాడిన ఆయిల్‌లో చేరిన తేమా, ఆమ్లాలూ నెలల తరబడి బేరింగుల మీద కూర్చోవడం నాకు నచ్చదు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (JASO MA, MA2, బైక్ ఆయిల్ గుర్తు) అని ఉందో లేదో మాత్రం చూసుకోండి. బైక్‌లో క్లచ్ ఎక్కువగా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది, కార్లకని ఫ్రిక్షన్ తగ్గించే మందులు కలిపిన ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. మూడో ఏడాది ఇంకో షెడ్డులో ఒక కుర్రాడు డ్రెయిన్ బోల్టుని బారెడు పైపు తగిలించి బిగించాడు, అల్యూమినియం గాడులు చీరుకుపోయాయి, పొద్దున్నే బండి కింద రూపాయి బిళ్ళంత ఆయిల్ మచ్చ. అడిగితే "ముందు నుంచీ అంతే ఉందండీ" అన్నారు. చివరికి వేరేచోట థ్రెడ్ ఇన్సర్ట్ (చీరుకుపోయిన గాడుల బదులు కొత్త గాడుల ముక్క) వేయించుకున్నా, వాషర్ కొత్తది వేసి, టార్క్ రించ్ (ఎంత బిగువో కొలిచే స్పానర్) కొనుక్కుని ఇప్పుడు ఆ బోల్టు ఎవరినీ ముట్టుకోనివ్వను.

చైన్ సంగతి కూడా ఇలాంటిదే. లూజుగా ఉంటే చప్పుడొస్తుంది కాబట్టి అందరూ టైట్ చేస్తారు. బండి స్టాండ్ మీదుండగా వీణ తీగలా బిగిస్తే, మనం ఎక్కి కూర్చున్నాక స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) పైకి లేచి ఇంకా బిగుసుకుంటుంది, ఆ భారం ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) వెనకున్న బేరింగ్ మీద పడుతుంది. నా బండికి రెండు స్ప్రాకెట్ల మధ్యలో 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఊగాలి, మీ పుస్తకంలో ఎంతుందో చూసుకోండి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవాలి, నెలలు కదలని చైన్‌లో కొన్ని లింకులు పట్టేసి ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉంటుంది, కొలత బిగుతుగా ఉన్న చోటే పెట్టుకోవాలి. కిరోసిన్‌తో కడిగి, తుడిచి ఆరబెట్టి, కాస్త నడిపి చైన్ వెచ్చబడ్డాక ఆయిల్ కొడితే లోపలికి ఇంకుతుంది.

ట్యాపెట్లు (వాల్వుల దగ్గర సందు సరిచేసే పని) ఒక్కటి మాత్రం మంచి మెకానిక్ దగ్గరే చేయిస్తా. ఇప్పుడు నాకు దొరికిన పెద్దాయన బండి రాత్రంతా చల్లగా ఉంచి పొద్దున్నే తెమ్మంటాడు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) పెట్టి చూస్తాడు. అంతకు ముందు వాళ్ళు వేడి ఇంజిన్ మీదే చెవి పెట్టి, టక్ టక్ ఆగేదాకా బిగించేవాళ్ళు, నాకూ చప్పుడు పోయింది కదా అని హాయిగా ఉండేది. పెద్దాయన నవ్వి "చప్పుడు చేసే ట్యాపెట్ బతికున్నట్టు, అసలు చప్పుడే లేకపోతేనే భయపడాలి" అన్నాడు. సందు లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని సీటుకి ఇచ్చుకోలేక అంచు కాలిపోతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరవకుండా స్టార్ట్ చెయ్యకండి, మూడో ఏడాది నా దాంట్లో ఎలుక గూడు, ఫిల్టర్ ఫోమ్ కొరికి దాంతోనే కట్టుకుంది, శ్రద్ధగానే కట్టింది. క్లచ్ ప్లేట్లు ఆయిల్ ఆరిపోయి ఒకదానికొకటి అతుక్కుంటాయి, మొదటి రోజు క్లచ్ పట్టుకున్నా సరే గేర్ వెయ్యగానే బండి ముందుకి దూకింది, గోడకి జానెడు దూరంలో ఆగింది. ఇప్పుడు స్టార్ట్ చెయ్యకముందే గేర్లో పెట్టి క్లచ్ పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి విడదీస్తా. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో చిన్న గాడిలో పడ్డట్టు తగిలింది, అది కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) అరిగిన గుర్తు, మార్పించా. డిస్క్ మీద పలచటి తుప్పు ఉంటే కంగారు పడక్కర్లేదు, నాలుగు బ్రేకులకి పోతుంది.

మొదటి రైడ్ పది కిలోమీటర్లకి మించి వెళ్ళను. ఇంటి చుట్టూనే తిరిగి, వచ్చాక రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూస్తా, ఒక డ్రమ్మో డిస్కో మరీ కాలుతుంటే బ్రేక్ పట్టేసి ఉందన్నమాట. తర్వాత విప్పిన ప్రతి బోల్టు మీదా ఇంకోసారి స్పానర్ పెడతా.

ఇంత చేసినా ఈ బండి కొన్నందుకు బాధ లేదు, ఇంజిన్ తల ఇంతవరకూ విప్పలేదు, పొగ లేదు, ఆయిల్ తాగడం లేదు. చిరాకు తెప్పించేది సీటు, గంట దాటితే నడుము చెబుతుంది, ఇంకా హెడ్‌లైట్, అది వెలుగుతుందని నమ్మి ముందుకి పోవడమే. ఈ సీజన్‌కి మిగిలిన పని ఒకటే, ఎడమ ఫోర్క్ రాడ్ (ముందు షాక్ అబ్జార్బర్ గొట్టం) మీద సన్నటి ఆయిల్ రింగు కనపడుతోంది, వేలితో తుడిస్తే రెండు రోజులకి మళ్ళీ వస్తోంది. అది కారి బ్రేక్ ప్యాడ్ల మీదకి చేరకముందే రెండు వైపులా సీళ్ళు మార్పించాలి, ఈ శనివారం పెద్దాయన షెడ్డులో చెప్పుకున్నా.