జాగ్రత్త: త్రీడీ ప్రింట్ గేర్ కొనేముందు మెటీరియల్ పేరు రాయించుకోండి

కాశీబుగ్గలో మాది చిన్న జీడిపప్పు యూనిట్. డ్రైయర్ కన్వేయర్‌ను తిప్పే నైలాన్ గేర్ పళ్లు అరిగిపోయాయి. పాత మెషీన్, స్పేర్ ఎక్కడా దొరకలేదు. "త్రీడీ ప్రింటింగ్‌లో చేసిస్తాం, ఇండస్ట్రియల్ నైలాన్, ఒరిజినల్ కంటే గట్టిదండీ" అని ఒకాయన ఫోన్‌లో అంటే, రెండు గేర్లకు 6,400 రూపాయలు ముందే పంపేశాను. సీజన్ టెన్షన్‌లో కొటేషన్ సరిగా చూడలేదు, అది నా తప్పే. అందులో "ప్లాస్టిక్ గేర్ - 2" అని తప్ప ఇంకేమీ లేదు.

బిగించిన మూడో రోజు కన్వేయర్ ఆగిపోయింది. విప్పి చూస్తే పళ్లు విరగలేదు, ఎండలో పెట్టిన కొవ్వొత్తిలా ఒక పక్కకు వాలిపోయాయి. షాఫ్ట్ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగింది. రంపంతో కోస్తే లోపల తేనెపట్టులా గదులు, సగానికి పైగా గాలే.

అనుమానమొచ్చి ఓ ముక్కను మరిగే నీళ్లలో వేశాను. రెండు నిమిషాల్లో గరిటెతో నొక్కితే వంగింది. పాత గేర్ ముక్క చెక్కుచెదరలేదు. తెలిసినవాళ్లకు చూపిస్తే పీఎల్ఏ అన్నారు. బొమ్మలకు, నమూనాలకు వాడే ప్లాస్టిక్ రకం, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మా డ్రైయర్ దగ్గర 65 నుంచి 70 ఉంటుంది మరి! నైలాన్ 12 పొడిని లేజర్‌తో కరిగించి అతికించే ఎస్ఎల్ఎస్ పద్ధతిలో చేసిన గేరయితే 170 దాటితే గానీ కరగదు. దాని పైభాగం సన్నని ఇసుక అద్దినట్టు గరుగ్గా ఉంటుంది. నాకొచ్చినదాని మీద దారం చుట్టినట్టు వరస గీతలు.

ఇంకో ఘోరం. నేను పంపిన అరిగిన గేర్‌నే స్కాన్ చేసి ఉన్నదున్నట్టు దింపేశాడు. అరిగిన పళ్లు అరిగినట్టే వచ్చాయి! పళ్ల లెక్క, బయటి వ్యాసం, జత గేర్ కొలతలు చూసి అసలు సైజు కట్టాలి కదా? అడిగితే "మీరు శాంపిల్ ఎలా ఇచ్చారో అలాగే ఇచ్చాం కదండీ" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

త్రీడీ ప్రింటింగ్‌ను తిట్టడం లేదు. మెటీరియల్, పద్ధతి, లోపల ఎంత శాతం నింపుతారు, ఈ మూడూ కొటేషన్‌లో రాసిస్తేనే డబ్బు కట్టండి. మీ మెషీన్ దగ్గర వేడి ఎంతో ముందే చెప్పండి.

ప్రస్తుతం లేత్ షాపులో నైలాన్ రాడ్ నుంచి కోయించిన గేర్‌తో నడుపుతున్నాం. ఆయన పంపిన రెండో గేర్ బిగించకుండా నా దగ్గరే ఉంది. ఆర్డర్ పెట్టబోయే యూనిట్ వాళ్లెవరైనా ఇటు వస్తే చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు.