జాగ్రత్త: "సీనియర్ లివింగ్" ఫ్లాట్ కొనేముందు బాత్రూమ్ తలుపు కొలవండి

ఇంకా కోపం చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా. రెండు రోజులాగితే "పోనీలే, మనకెందుకు" అని నేనే ఊరుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

ఏ ప్రాజెక్టో చెప్పను. కింద మాల్, ఒక పక్క గాజు ఆఫీసు టవరు, ఇంకో పక్క మామూలు ఫ్లాట్లు, వెనకాల పెద్దవాళ్ళ కోసమని "సీనియర్ లివింగ్" బ్లాకు. మీలో చాలామంది ఆదివారం సైట్ విజిట్‌కి వెళ్ళి వాళ్ళ ఇడ్లీ వడ తినొచ్చినవాళ్ళే. ఈపాటికి అర్థమైపోయుంటుంది.

నాన్న పోయాక అమ్మ తార్నాక ఇంట్లో ఒక్కతే ఉండేది. తుంటి విరిగి ఆపరేషన్ అయ్యాక వీల్‌చైరే. తమ్ముడు డాలస్‌లో, నాకు బ్యాంకు డ్యూటీ. ఇల్లు అమ్మి ఆ డబ్బంతా ఇందులో పోశాం, మూడేళ్ళ కిందట. మొన్న గురువారం తాళాలిచ్చారు.

బుకింగ్ రోజు సేల్స్ కుర్రాడు అమ్మ కాళ్ళకి దండం పెట్టాడు. నిజంగా, వంగి మరీ. "అమ్మమ్మగారూ, ఇది మీలాంటి వాళ్ళ కోసమే కడుతున్నాం" అన్నాడు. అమ్మ కరిగిపోయి, మళ్ళీ వెళ్ళినప్పుడు వాడికి సున్నుండలు చేయించి పట్టుకెళ్ళింది. ఆ డబ్బా కూడా తిరిగి రాలేదు, అది వేరే సంగతి.

మోడల్ ఫ్లాట్‌లో అమ్మని వీల్‌చైర్ మీదే తిప్పాం. హాల్లోంచి బెడ్‌రూమ్‌లోకి, అక్కణ్ణుంచి బాత్రూమ్‌లోకి సర్రున వెళ్ళిపోయింది. గోడకి స్టీలు కమ్ములు, జారని టైల్స్, కూర్చుని స్నానం చేయడానికి మడత సీటు. అమ్మ కమ్మి పట్టుకుని లాగి చూసి "గట్టిగానే ఉందే" అంది. ఆ బాత్రూమ్‌కి తలుపు లేదు. ఫ్రేము కూడా లేదు. గోడలో ఖాళీ, దానికో తెల్ల కర్టెన్. ఇల్లు పెద్దదిగా కనబడాలని మోడల్ ఫ్లాట్లకి తలుపులు బిగించరట. ఈ కిటుకు ఊరందరికీ తెలుసట, నాకొక్కదానికే తెలీదు. తలుపు లేని బాత్రూమ్ చూసి కూడా అనుమానం రాని మహాతల్లిని నేను. పొద్దున లేస్తే జనాల హౌసింగ్ లోన్ కాగితాలు భూతద్దం పెట్టి చూసేది కూడా నేనే.

ఇక గురువారం. పన్నెండో అంతస్తు. గుమ్మానికి మామిడాకులు కట్టారు, బొకే ఇచ్చారు, ఫొటో తీశారు. కూకట్‌పల్లి నుంచి గంటన్నర ట్రాఫిక్‌లో వచ్చామేమో, అమ్మ "ముందు బాత్రూమ్‌కి తీసుకెళ్ళవే" అంది. తోసుకెళ్ళా. ఠక్కుమని ఆగింది. రెండు పక్కలా చక్రాల రింగులు ఫ్రేముకి తగులుకున్నాయి. వెనక్కి లాగి కాస్త ఏటవాలుగా పెట్టి చూశా. మళ్ళీ తిన్నగా. అమ్మ మోచేతులు లోపలికి ముడుచుకుంది, తను సన్నబడితే కుర్చీ కూడా సన్నబడుతుందన్నట్టు. కొత్త ఫ్రేము మీద నల్లగా గీత పడింది. ఆ కుర్రాడు, అవును, అదే కుర్రాడు, ఇప్పుడు మేనేజర్ అయ్యాడు, ముందు ఆ గీత వంక చూశాడు. చూసి అన్నాడు:

"మేడమ్, ఇది హాస్పిటల్ కాదు, లైఫ్‌స్టైల్ ప్రాజెక్ట్. ఆంటీని నాలుగడుగులు నడిపించండి, అదే అలవాటవుతుంది."

అమ్మమ్మగారు కాస్తా ఆంటీ అయిపోయింది. చివరి ఇన్‌స్టాల్‌మెంట్ పడింది కదా.

78 ఏళ్ళ మనిషి, తుంటిలో రాడ్డు, నాలుగడుగులట. నేను అరిచానో ఏడ్చానో గుర్తులేదు. అమ్మ "పోనీవే, పద" అంది. కింద మాల్‌లోనైనా తీసుకెళ్దామని లిఫ్టు దాకా తెచ్చేసరికే ఆలస్యమైపోయింది. అంతకన్నా రాయలేను. అన్నట్టు మాల్‌లో వీల్‌చైర్ టాయిలెట్ భేషుగ్గా ఉంది, తలుపు బార్లా వెడల్పు. షాపింగ్‌కి వచ్చేవాళ్ళు ముఖ్యం మరి.

శనివారం టేపు పట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళా. తలుపు పూర్తిగా తీస్తే మిగిలే దారి 24.5 అంగుళాలు. అమ్మ కుర్చీ 26. వీల్‌చైర్ తిరగాల్సిన చోట దారి 900 మిల్లీమీటర్లు, అంటే 35 అంగుళాల పైమాటే ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. వెడల్పు చేయించండి అంటే "మివాన్ గోడ మేడమ్, కట్ చేయకూడదు" అన్నారు. అదీ నిజమే. అల్యూమినియం అచ్చుల్లో గోడా స్లాబూ కలిపి కాంక్రీటు పోసేస్తారు, ఇటుక గోడలా కొట్టి సరిచేసుకునే వీల్లేదు. బుకింగ్ రోజు ఈ మివాన్ గొప్పలే అరగంట విన్నాం.

కడుపు మండేది ఎక్కడంటే, ఇదంతా ప్లానులో ఉంది. మంజూరైన ప్లాను మూలన తలుపుల కొలతల పట్టిక ఒకటి ఉంటుంది. బాత్రూమ్ తలుపు డీ3, 0.75 మీటర్లు. అది ఫ్రేముతో కలిపి. రెండు పక్కలా రెండున్నర అంగుళాల చొప్పున ఫ్రేము తీసేయండి, సరిగ్గా నా టేపు చెప్పిన లెక్కే వస్తుంది. కస్టమర్ ఫైల్లో అయితే చూసేదాన్ని.

పనిలో పనిగా ర్యాంపు కూడా కొలిచా. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలి. మా బ్లాకు ముందు మూడడుగుల ఎత్తుని 15 అడుగుల్లో ముగించారు, చేయి జారితే అమ్మ నేరుగా డెలివరీ బైకుల్లోకే. పెద్దవాళ్ళకి విడిగా ఉంటుందన్న డ్రాపాఫ్‌లో ఆఫీసు క్యాబులు నిలబడి ఉన్నాయి. లిఫ్టు లోతు అయిదడుగులు కూడా లేదు, అంబులెన్సు స్ట్రెచర్ ఆరడుగుల పైనే. బ్రోచర్లో వేసిన స్ట్రెచర్ లిఫ్టు ఎక్కడా అంటే ఆఫీసు టవర్లో ఉందట. అది మా పన్నెండో అంతస్తుకి ఎలా వస్తుందో ఆ బ్రోచర్ రాసినవాణ్ణే అడగాలి.

ఎండ సంగతి వినండి. వాస్తు కోసం తూర్పు ఫేసింగ్‌కి అదనంగా కట్టాం. ఎదురుగా తూర్పున ఆఫీసు టవరు. మధ్యాహ్నం మూడున్నరకి పడమటి ఎండ దాని గాజు మీద పడి మా బాల్కనీలోకి తిరిగొస్తుంది. మాకు రోజుకి రెండు సూర్యోదయాలన్నమాట. కింద కొట్టు పైన ఇల్లు అనేది ఈ ఊరికి కొత్తా? చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వాళ్ళు నిజాం కాలంలోనే రాతి కమాన్లతో కట్టారు, నడిచేవాడికి నీడ కూడా ఇచ్చారు. వీళ్ళు దానికి మిక్స్‌డ్ యూజ్ అని పేరు పెట్టి నీడ తీసేసి ఎస్‌ఎఫ్‌టీకి రేటు పెంచారు.

24 గంటల నర్సు గురించి అగ్రిమెంట్లో ఏముందో తెలుసా? "మూడో సంస్థ ద్వారా, లభ్యతను బట్టి." రిటైర్‌మెంట్ హోమ్‌లకి కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో మోడల్ గైడ్‌లైన్స్ ఇచ్చింది. బిల్డరు, సేవలిచ్చే సంస్థ, కొనేవాళ్ళు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలని అందులో ఉంది. నాకు ఆ ముక్క తెలిసింది నిన్న రాత్రి.

తెలిసిన ముక్కయినా పాటించానా? అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతం మించి తీసుకోకూడదని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 13వ సెక్షన్. నేను కస్టమర్లకి చెప్పే మాటే. "ఎర్లీ బర్డ్" డిస్కౌంట్ అనగానే 25 శాతం ఆర్టీజీఎస్ కొట్టేశా.

కొనబోయేవాళ్ళు కనీసం ఇంటి నుంచి వీల్‌చైరూ టేపూ పట్టుకెళ్ళండి, తలుపు బిగించిన ఫ్లాటే చూపించమనండి, మధ్యాహ్నం మూడున్నరకే వెళ్ళండి. ప్లాను రెరా సైట్‌లోంచి దించుకుని ఆ తలుపుల పట్టిక చూడండి. బ్రోచర్ పారేయకండి. ప్రకటన నమ్మి మోసపోతే అదే రెరా చట్టం 12వ సెక్షన్ కింద వడ్డీతో డబ్బు వెనక్కి అడగొచ్చు, నేను వేస్తున్న కేసు అదే.

ఆ బ్లాకులో తీసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే మీ బాత్రూమ్ తలుపుకి టేపు పెట్టి ఫొటో తీసి పంపండి. వచ్చే శనివారం లాయర్ దగ్గరికి వెళ్తున్నా, ఎన్ని ఫ్లాట్లు తేలితే అన్నీ కలిపి వేద్దాం. అమ్మ ప్రస్తుతం మా ఇంట్లోనే ఉంది. మాది పాత అపార్ట్‌మెంటు, ఇటుక గోడ. మేస్త్రీ రేపు వచ్చి బాత్రూమ్ గోడ కొడతానన్నాడు.