తెల్ల జుట్టు: రంగేసుకోవాలా, వదిలేయాలా?

నలభై దాటాక అద్దం ముందు అందరిదీ ఇదే గొడవ. నేను ఆరేళ్లు రంగేసి రెండేళ్ల కింద మానేశా, కాబట్టి రెండూ తెలుసు.

ఖర్చు: ప్యాకెట్ చవకే, కానీ జుట్టు నెలకి సుమారు 1 సెంటీమీటర్ పెరుగుద్ది, మూడు వారాలకే పాపిట దగ్గర తెల్ల గీత, అంటే అది తెమలని ఖర్చు. వదిలేస్తే సున్నా.

శ్రమ: రంగైతే ఆదివారం పొద్దున్నే పాత నైటీ, చెవుల మీద కొబ్బరినూనె, బాత్రూం టైల్స్ మీద మరకలు. వదిలేస్తే ఏం లేదుగానీ చాలా నెలలు సగం నలుపు సగం తెలుపు, భరించాలి.

రిస్క్: చాలా హెయిర్ డైల్లో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, కొందరికి దురద, మొహం వాపు. ముందు కొంచెం రాసి 48 గంటలు చూడాలి, ఎవరం చూస్తాం చెప్పండి. "బ్లాక్ హెన్నా" అనేవాటిల్లో కూడా చాలాసార్లు ఇదే ఉంటుంది, ఉత్త గోరింటాకు నల్లగా పండదుగా.

సంతోషం: రంగేసిన రోజు హుషారే, అబద్ధం చెప్పను, కానీ నాలుగో రోజుకి అలవాటైపోద్ది, ఇరవయ్యో రోజుకి మళ్లీ కన్ను పాపిట మీదే. వదిలేశాక ఆ హుషారూ లేదు, ఆ లెక్కలూ లేవు. ఓ పెళ్లిలో మా వదిన "ఏంటే ముసలమ్మలా" అంది, ఆ పూట మాత్రం అన్నం సహించలా.

ఎవరికేది: రంగేసుకోవడమే సరదా అయితే, లేదా కస్టమర్ల ముందుండే ఉద్యోగమైతే, టెస్ట్ చేసుకుని వేసుకోండి. ఒక్కసారి దురదొచ్చినా, ప్రతి ఫంక్షన్‌కీ టెన్షనైనా వదిలేయండి. మగాళ్లకైతే తెల్ల జుట్టుతో కనిపించే హీరో అజిత్‌ని చూపించి స్టైల్ అంటారు, అది వేరే గొడవ.