గంటస్తంభం దగ్గర గాజుల కొట్టు: సైజు విషయంలో పూర్తిగా నమ్మొచ్చు

విజయనగరంలో గంటస్తంభం వైపు బజారులో మేం ఎప్పుడూ వెళ్లే గాజుల కొట్టు ఒకటుంది. షోరూమేమీ కాదు, నలుగురు నిలబడితే నిండిపోతుంది. అయినా మట్టిగాజులకి నేను ఇంకో చోటికి వెళ్లను, ఎందుకంటే అక్కడ కూర్చునే ఆవిడ ముందు డిజైన్లు పరచరు, "ఏదీ, చెయ్యి ఇలా ఇయ్యమ్మా" అంటారు. కణుపుల దగ్గర ఓసారి నొక్కి చూసి, అప్పుడు పెట్టె తీస్తారు.

అసలు సంగతంతా ఆ కణుపుల్లోనే ఉంది. చాలామంది మణికట్టు కొలుచుకుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేస్తుంటారు, కానీ గాజు ఇరుక్కునేది అక్కడ కాదు కదా, బొటనవేలు లోపలికి మడిచాక అరచెయ్యి ఎక్కడ బాగా వెడల్పుగా ఉంటుందో అక్కడ. మట్టిగాజు సాగదు, బలవంతంగా తోస్తే చిట్లి చెయ్యి గీరుకుంటుంది. ఆ చోటు చుట్టూ టేపు పెడితే సుమారు 18 సెంటీమీటర్లు వస్తే 2-4, 19 వస్తే 2-6, 20 వస్తే 2-8. ఒక్కో సైజుకీ చుట్టుకొలత సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, అంతే తేడా, కానీ చేతికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇంకోటి, 2-4 అంటే 2.4 అంగుళాలు కాదు. రెండో అంకె అంగుళంలో పదహారో వంతులు, అంటే రెండుంబావు అంగుళాలు, అదీ గాజు లోపలి వ్యాసం. 2-8 అంటే రెండున్నర. అందుకే 2-8 కంటే 2-10 పెద్దది. సరిపోయే పాత గాజు ఇంట్లో ఉంటే స్కేలు పెట్టి లోపలి అంచు నుంచి లోపలి అంచుకి కొలిచి చూడండి, 57 మిల్లీమీటర్లుంటే 2-4, 60 ఉంటే 2-6. ఊళ్లో లేని ఆడపిల్లలకి కొనాలంటే ఆ పాత గాజే పట్టుకెళ్లండి, ఆవిడ దాని పక్కన కొత్తది పెట్టి చూసి ఇస్తారు.

నాకు బాగా నచ్చింది ఏంటంటే అమ్మేద్దామన్న తొందర ఉండదు. మా చెల్లి సీమంతానికి తనకి ఎప్పుడూ వేసుకునే 2-4 అడిగితే, నెలలు నిండేకొద్దీ చేతులు ఉబ్బుతాయి, 2-6 తీసుకోండి అని ఆవిడే చెప్పారు, నిజంగా అదే సరిపోయింది. వెడల్పు కంకణాలకీ అంతే, సన్నగాజు సైజు కంటే ఒకటి పెద్దది ఇస్తారు. మరలు బిగించే కడియాలు కణుపులు దాటాల్సిన పని లేదు కాబట్టి వాటికి మాత్రం మణికట్టు చూస్తారు.

లోటు ఉంది. 2-10లో రంగులు బాగా తక్కువ, పెద్ద చేతులున్నవాళ్లకి ఎప్పుడూ ఎరుపూ ఆకుపచ్చే దొరుకుతాయి, ఇది నాకు అస్సలు బాలేదు, వాళ్లకి మాత్రం నచ్చిన రంగు వేసుకోవాలని ఉండదా? మట్టిగాజులు ఒకసారి తీసుకెళ్తే వెనక్కి తీసుకోరు, కాబట్టి అక్కడే తొడిగించుకుని రండి. శ్రావణ శుక్రవారం ముందు రోజు సాయంత్రం వద్దు, కాలు పెట్టే చోటుండదు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం వెళ్తే తీరిగ్గా తొడిగి చూపిస్తారు.