క్యూ షాపులో పెట్టాలా, చేతికే అమ్మాలా?

చేత్తో పూల్ క్యూలు, అంటే పూల్ ఆటలో బల్ల మీద బంతుల్ని కొట్టే కర్రలు, చేయడం మొదలుపెట్టిన కుర్రాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. మొన్న గాజువాక నుంచి ఒకతను వచ్చి మళ్లీ అదే అడిగాడు: "అన్నా, స్పోర్ట్స్ షాపులో పెట్టనా, ఆడేవాళ్లకి నేనే అమ్ముకోనా?"

షాపులో పెడితే బేరాల టెన్షన్ ఉండదు. కమిషన్ పోతుంది, అమ్ముడయ్యాకే డబ్బు వస్తుంది, అది తెలిసిందే. నా బాధ వేరు. అక్కడ క్యూ నెలల తరబడి గోడకి ఆనించి ఉంటుంది. లోపల ఏసీ, తలుపు తీస్తే సముద్రపు గాలి. మేపుల్ చెక్కతో చేసిన షాఫ్ట్, అంటే క్యూ ముందువైపు సన్నటి భాగం, తేమ పీల్చి, ఆరి, మళ్లీ పీల్చి, ఎటో ఒకవైపు వంగుతుంది. నాదొకటి అలాగే పాడైంది. కొన్నవాడెవడో నాకు తెలీదు, నా పేరు మాత్రం వాడికి బాగా తెలుసు!

నేరుగా అమ్మితే ఆ మనిషి మన ఎదుటే ఉంటాడు. స్నూకర్ ఆట నుంచి వచ్చినవాళ్లకి తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల టిప్ (బంతికి తగిలే కొన) అలవాటు. పూల్ క్యూ పదమూడు మిల్లీమీటర్లది పట్టుకోగానే "లావుగా ఉంది గురూ" అంటారు. పన్నెండుకి దించి ఇస్తే సరిపోతుంది. ఈ మాట షాపు నుంచి మనదాకా రాదు. నా ఓటు దీనికే.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెట్టుకోండి, తప్పులేదు. కానీ బరువు చేత్తో చూడకుండా కొత్తవాడి క్యూ కొనేవాళ్లు తక్కువ.

ఇక రేటు. షాఫ్ట్‌ని లేత్ (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద ఒకేసారి సన్నం చేయం కదా. కొంచెం తీసి, వారాల పాటు వేలాడదీసి, మళ్లీ తీస్తాం. ఈలోగా కొన్ని వంగి పోతాయి. వెయ్యేసి రూపాయల కర్రలు పది కొంటే మూడు పోయాయనుకోండి, మిగిలిన ఏడింటిలో ఒక్కోదాని ఖరీదు సుమారు 1,430. కొత్తవాళ్లు లెక్కలో వెయ్యే రాస్తారు, కూలి అసలు రాయరు. మొదటిది కదా అని అసలుకే ఇస్తే పూల్ పార్లర్లో మాట దాగదు, రెండోవాడూ అదే రేటు అడుగుతాడు.

ఏటికొప్పాక దగ్గరే కదా, అంకుడు కర్ర వాడొచ్చుగా అంటారు కొందరు. లేత్ పని ఆ బొమ్మలు చేసేవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే, కానీ అంకుడు మెత్తన. బొమ్మలకే బాగుంటుంది.

గాజువాక అతనికి ఒకటే చెప్పాను: మొదటి ఐదూ తెలిసినవాళ్లకే అమ్ము, వానాకాలం దాటాక తెచ్చి చూపించమను. టిప్ ఊరికే మారుస్తానంటే వాళ్లే వస్తారు.