బెజవాడలో రెండు రాత్రులు, ఒక హాఫ్ బాటిల్

పెళ్లి పనిమీద విశాఖ నుంచి బెజవాడ వెళ్లి, నేనూ మా బావా రెండు రాత్రులు ఉన్నాం. మొదటి రాత్రి బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కొత్త హోటల్లో దిగాం. గది అద్దంలా ఉంది, ఏసీకి వంక పెట్టలేం. కింద బార్ ఉందనే బావ ఆ హోటల్ ఎంచాడు. పెళ్లివారికి మాత్రం స్టేషన్‌కు దగ్గరని చెప్పాడు.

బార్‌లో టీచర్స్ అనే స్కాచ్ విస్కీ అడిగాం. కుర్రాడు పెగ్గు పోసి, మేము నోరు తెరిచేలోపే గ్లాసు నిండా సోడా పోశాడు, పైన నాలుగు ఐసు ముక్కలు. "ఇదెక్కడి స్కాచ్ బావా, గోలీసోడా తాగినట్టుంది" అన్నాను. నంజుకోవడానికి తెప్పించిన చికెన్ వేపుడు కారానికి ఆ మిగిలిన రుచి కూడా పోయింది. బిల్లు చూశాక, దుకాణంలో కొంటే ఎంతయ్యేదో బావ కాగితం మీద లెక్క వేశాడు. ఆ కాగితం నాకు చూపించలేదు.

మర్నాడు గవర్నర్‌పేటలో పాత లాడ్జికి మారాం. అద్దె సగమే. గోడలకు పెచ్చులు, రాత్రంతా జనరేటర్ మోత, వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే. గదిలో తాగవచ్చా అని కౌంటర్‌లో ముందే అడిగాం. గోల చేయకపోతే చాలన్నారు.

ఏలూరు రోడ్డులో అదే రకం హాఫ్ కొన్నాం. 2019 తర్వాత ప్రభుత్వ దుకాణాల కాలంలో మన రాష్ట్రంలో తెలిసిన పేరు దొరకడమే గగనమయ్యేది. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగి వచ్చాక అడిగింది చేతికి ఇస్తున్నారు. 375 మిల్లీలీటర్లంటే అరవై చొప్పున ఆరు పెగ్గులు, అడుగున కొంచెం.

లాడ్జి పెద్దాయన కడిగిన గాజు గ్లాసులు రెండు, మంచినీళ్లు, వేయించిన వేరుశనగపప్పు తెచ్చాడు. సీలు మేమే తీశాం. గ్లాసులో రెండు చెంచాల నీళ్లు, అంతే. ముక్కు దగ్గర పెట్టగానే తడికట్టెల పొయ్యి వాసన! ఇందులో కలిసే ఆర్డ్‌మోర్ అనే స్కాట్లాండు డిస్టిలరీ మాల్ట్‌కు, మొలకెత్తించిన బార్లీని పీట్ (చిత్తడి నేలల్లో కుళ్లిన మొక్కల మట్టి) పొగమీద ఆరబెడతారు, ఆ పొగే ఇది. వెనకనే బెల్లంపాకంలాంటి తీపి. ఇది బ్లెండెడ్ స్కాచ్. బ్లెండెడ్ అంటే కల్తీ అనుకునేవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. మొలకెత్తిన బార్లీతో చేసే మాల్ట్ విస్కీకి, గోధుమ, మొక్కజొన్న లాంటి గింజలతో చేసే తేలికైన గ్రెయిన్ విస్కీ కలపడమే బ్లెండింగ్. స్కాచ్ అని రాయాలంటే రెండూ స్కాట్లాండులో ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు ఉండాల్సిందే. నిన్న సోడాలో మునిగిపోయింది ఇదంతానన్నమాట.

పప్పు అయిపోతే పెద్దాయన అడగకుండానే ఇంకో ప్లేటు తెచ్చాడు. బావ రెండు పెగ్గులకే ఆగి, మిగిలింది మూత బిగించి సంచిలో పెట్టాడు. ఇంకోసారి వస్తే నేను నేరుగా గవర్నర్‌పేటకే వెళతాను. పొద్దున మాత్రం ఎనిమిదిన్నరకు లేచి, ఇద్దరం చన్నీళ్లే పోసుకున్నాం.